గేటు డబ్బు ఎవరిది?

ఇంగ్లండ్‌లో కింది డివిజన్ల ఫుట్‌బాల్ క్లబ్బులు అప్పుల్లో కూరుకుపోయాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు. చిన్న ఊరు, చిన్న మైదానం, వచ్చేది నాలుగైదు వేల మంది జనం, ఇక డబ్బెక్కణ్ణించి వస్తుందని సరిపెట్టుకుంటారు. లీగ్ చరిత్ర తిరగేస్తే మాత్రం ఈ పేదరికం ఊరి సైజుతో పుట్టింది కాదని, చాలావరకు క్లబ్బుల ప్రతినిధులే సమావేశాల్లో కూర్చుని తీర్మానాలతో తెచ్చిపెట్టిందని అర్థమవుతుంది. 1888లో ఆస్టన్ విల్లాకు చెందిన విలియం మెక్‌గ్రెగర్ చొరవతో 12 క్లబ్బులు లీగ్ పెట్టుకున్నప్పుడే వసూళ్లు ఎవరివన్న ప్రశ్న వచ్చింది. సగం సగం పంచాలన్న ప్రతిపాదన నెగ్గలేదు. వచ్చిన జట్టుకు 12 పౌన్లు ఇచ్చి మిగతాది ఆతిథ్య క్లబ్బు ఉంచుకోవాలన్నారు. తరువాతి కాలంలో అది గేటు వసూళ్లలో 20 శాతం వాటాగా స్థిరపడింది. ఇందులో దానధర్మమేమీ లేదు. ఎదుటి జట్టు రాకపోతే ఎంత గొప్ప క్లబ్బయినా టికెట్లు అమ్మలేదు కాబట్టి, వచ్చినవాడికీ వాటా ఉండాలన్నది వ్యాపారస్తుల లెక్కే.

ఆ లెక్క 1983లో తెగిపోయింది. ఆ ఏడాది నుంచి సొంత మైదానంలో వచ్చిన వసూలంతా ఆతిథ్య క్లబ్బుదే. మాంచెస్టర్ యునైటెడ్ మైదానానికి వెళ్లి ఆడొచ్చిన చిన్న జట్టుకు ఆ రోజు గేటులో పైసా రాదు. టీవీ డబ్బు ఇంకా మిగిలింది. లీగ్ మ్యాచ్‌ల ప్రత్యక్ష ప్రసారానికి అదే ఏడాది కుదిరిన ఒప్పందం రెండేళ్లకు 52 లక్షల పౌన్లు. దాన్ని 92 క్లబ్బులూ సమంగా పంచుకున్నాయి, అంటే తలా ఏడాదికి ముప్పై వేలలోపే. సొమ్ము చిన్నదిగా ఉన్నన్నాళ్లు సమానత్వం ఎవరికీ బరువనిపించలేదు. 1985 చివర్లో పెద్ద క్లబ్బులు విడిపోతామని బెదిరించి టీవీ సొమ్ములో సగం మొదటి డివిజన్‌కు రాయించుకున్నాయి. 1988లో ఐటీవీ నాలుగేళ్లకు 4.4 కోట్ల పౌన్లు ఇవ్వజూపితే ఆ వాటా 75 శాతానికి ఎగబాకింది. 1992లో మిగిలిన పావలా వాటా కూడా ఎందుకన్నట్టు మొదటి డివిజన్ క్లబ్బులు 22 కలిసి ప్రీమియర్ లీగ్‌గా బయటికి నడిచాయి. స్కై, బీబీసీలతో వాళ్ల కొత్త ఒప్పందం విలువ ఐదేళ్లకు 30.4 కోట్ల పౌన్లని ప్రకటించారు. గమ్మత్తేమంటే తమలో తాము మాత్రం పంపకం మానలేదు. దేశీయ టీవీ ప్రసారాల సొమ్ములో సగం 22 క్లబ్బులకూ సమానంగానే పెట్టుకున్నారు. సమంగా పంచుకుంటే ఆట బాగుంటుందని వాళ్లకూ తెలుసు, ఆ పంక్తిలో ఎవరు కూర్చోవాలన్న దగ్గరే గీత గీశారు.

దీనికి మొదటి అభ్యంతరం, పంపకం బాగున్న రోజుల్లోనే క్లబ్బులు మునగలేదా అని. మునిగాయి. ఆక్రింగ్టన్ స్టాన్లీ 1962 మార్చిలో, సీజన్ మధ్యలోనే లీగ్ నుంచి తప్పుకుంది. ఆల్డర్‌షాట్‌లో సైనిక ప్రదర్శనకు వాడిన ఓ స్టాండును 1,450 పౌన్లకు చవగ్గా కొని, దాన్ని విప్పి, మోసుకొచ్చి, నిలబెట్టేసరికి దానికి ఎన్నో రెట్లు వదిలించుకున్న క్లబ్బది. మూర్ఖత్వానికి ఏ వాటా పద్ధతీ మందు కాదు. కానీ నాడు అలా పోవడం అరుదైన ఘటన. ఇప్పుడు దివాలా అంచుకు వచ్చిన క్లబ్బుల పేర్లు ఏటా మారుతుంటాయి, వరస మాత్రం ఆగదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది: రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్‌లో జీతాల ఖర్చు చాలా సీజన్లలో మొత్తం ఆదాయాన్నే మించిపోయింది, ఇంకా డబ్బిస్తే అదీ ఆటగాళ్ల జేబుల్లోకే పోదా? పోతుంది, రెండు అంచెల మధ్య గోడ ఎత్తు అలాగే ఉంటే. ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి దిగిన క్లబ్బుకు మూడేళ్ల దాకా ‘పారాచూట్’ చెల్లింపులు వస్తాయి, మొదటి ఏడాదే నాలుగు కోట్ల పౌన్లకు పైగా. అదే డివిజన్‌లో ఆడే మిగతా క్లబ్బుల్లో ఒక్కోదానికి ప్రీమియర్ లీగ్ ఇచ్చేది సుమారు అరకోటి. ఒకే మైదానంలో ఇద్దరిని ఇలా దింపాక, రెండోవాడు అప్పు చేయకుండా గెలవాలనడం తేలిక. పైకెక్కితే పది కోట్లు, లేకపోతే అప్పు అన్న పందెం పెట్టింది పంపకమే. యజమానులు ఆ పందెం ఆడుతున్నారు. ఇందులో మన తెలుగువాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో కోళ్ల పరిశ్రమతో మొదలైన వెంకీస్ కుటుంబం 2010లో కొన్న బ్లాక్‌బర్న్ రోవర్స్ ఆ తొలి 12 క్లబ్బుల్లో ఒకటి, 1995లో ప్రీమియర్ లీగ్ విజేత కూడా. 2012లో అది కిందికి దిగింది, 2017లో మూడో అంచెకూ జారి మరుసటేడు రెండోదానికి ఎక్కింది. అక్కడే ఉండటానికి ఆ కుటుంబం ఏళ్ల తరబడి సొంత డబ్బు పోస్తూ వచ్చింది. పోయడానికి యజమాని దగ్గర లేకపోతే ఏమవుతుందో 2002లో తేలింది. కింది డివిజన్ల ఫుట్‌బాల్ లీగ్‌కు ప్రసార హక్కుల కింద 31.5 కోట్ల పౌన్లు ఇస్తానన్న ఐటీవీ డిజిటల్ మధ్యలోనే కుప్పకూలింది. రావలసిన 17.85 కోట్లకు మాతృసంస్థల గ్యారంటీ రాయించుకోలేదని కోర్టులో లీగ్ ఓడిపోయింది. ఆ డబ్బును నమ్ముకుని జీతాలు ఒప్పుకున్న క్లబ్బులు వరసగా దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి.

2019లో బరీ వంతు. 1885లో పుట్టి, 1900లో, 1903లో ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్బు. 1903 ఫైనల్లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించింది. ఒక్క పౌనుకు చేతులు మారి, ఆటగాళ్లకు జీతాలు అందకపోయినా 2019 వసంతంలో పై డివిజన్‌కు ఎక్కింది. ఆగస్టు 27న, కొనేవాళ్లు దొరికారన్న ఆశతో అభిమానులు చీపుర్లు పట్టుకొచ్చి గిగ్ లేన్ మైదానంలో స్టాండ్లు, కుర్చీలు శుభ్రం చేశారు. ఆ రాత్రే లీగ్ బరీని బహిష్కరించింది.

బరీ తర్వాతే మార్పు పార్లమెంటు దాకా వెళ్లింది. 2021లో ఎంపీ ట్రేసీ క్రౌచ్ సమీక్ష స్వతంత్ర నియంత్రణ సంస్థ కావాలంది. 1992లో ప్రీమియర్ లీగ్ తొలి చీఫ్ ఎగ్జిక్యూటివ్‌గా పనిచేసిన రిక్ ప్యారీ, ఈసారి కింది డివిజన్ల లీగ్ ఛైర్మన్ హోదాలో, ఉమ్మడి టీవీ సొమ్ములో 25 శాతం తమకివ్వాలని, పారాచూట్లు ఎత్తేయాలని అడుగుతూ వచ్చాడు. 2024 మార్చిలో ఆరేళ్లకు దాదాపు 90 కోట్ల పౌన్ల ప్రతిపాదన ప్రీమియర్ లీగ్ క్లబ్బుల మధ్యే తెగక, ఓటింగ్ దాకా రాలేదు. 2025 జులైలో వచ్చిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం ప్రకారం రెండు లీగ్‌లూ పంపకంపై ఒప్పుకోకపోతే తేల్చే అధికారం నియంత్రణ సంస్థది. మొదటి ముసాయిదా పారాచూట్ చెల్లింపులను ఆ అధికారం పరిధిలోంచి తప్పించింది. ప్రభుత్వం మారాక వచ్చిన బిల్లు వాటిని మళ్లీ చేర్చింది.