వన్యప్రాణి ఛాయాచిత్రాల సవరణ

వన్యప్రాణి ఛాయాచిత్రాల సవరణ అనగా అడవులలోను, చిత్తడి నేలలలోను, గడ్డి మైదానాలలోను స్వేచ్ఛగా తిరిగే జంతువులను, పక్షులను కెమెరాతో తీసిన తరువాత ఆ చిత్రాలను కంప్యూటరులో ఫోటో సాఫ్టువేరు సహాయంతో సరిదిద్దే ప్రక్రియ. వెలుగునీడలను సరిచేయడం, రంగులను అసలుకు దగ్గరగా తేవడం, అంచులను కత్తిరించడం, మచ్చలను తొలగించడం ఇందులో ముఖ్యమైన పనులు. పెళ్ళి ఫోటోలకు, ప్రకటనల ఫోటోలకు కూడా ఇవే పనులను ఇవే పనిముట్లతో చేస్తారు. అయితే వన్యప్రాణి చిత్రం చూడముచ్చటైన బొమ్మ మాత్రమే కాదు. ఫలానా ప్రాణి ఫలానా చోట, ఫలానా కాలంలో, ఫలానా స్థితిలో ఉన్నదని చెప్పే సాక్ష్యం కూడా. అందుచేత ఈ రంగంలో సవరణకు హద్దులు ఎక్కువ. ఆ హద్దు దాటిన కొందరు ఛాయాగ్రాహకులు ఉద్యోగాలను, పేరుప్రతిష్ఠలను పోగొట్టుకున్నారు.

సవరణ ఎందుకు అవసరం

"ఏ మార్పూ చేయని ఫోటో" అనే మాట తరచుగా వినబడుతుంది కాని డిజిటల్ కెమెరాల విషయంలో అది పూర్తిగా నిజం కాదు. అత్యధిక డిజిటల్ కెమెరాల సెన్సరులో ఒక్కొక్క బిందువు ఒక్క రంగునే నమోదు చేస్తుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంటు పొందిన అమరిక ప్రకారం, బిందువులలో సగం ఆకుపచ్చను, పాతిక భాగం ఎరుపును, పాతిక భాగం నీలాన్ని గ్రహిస్తాయి. ప్రతి బిందువు దగ్గర లేని రెండు రంగులను పొరుగు బిందువులను బట్టి లెక్క కట్టవలసిందే. ఈ లెక్కను కెమెరాయే చేసి, తనకు తోచినట్లు రంగును, పదునును పెంచి, కుదించి ఇచ్చే ఫైలు జేపెగ్. ఏ లెక్కా కట్టకుండా సెన్సరు నమోదు చేసిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్లుగా దాచి ఉంచే ఫైలును రా ఫైలు అంటారు. కనుక జేపెగ్ తీసేవారి చిత్రాన్ని కెమెరా సవరిస్తుంది, రా ఫైలు తీసేవారు తామే సవరించుకుంటారు.

రా ఫైలు వలన మరొక లాభం కూడా ఉన్నది. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి. వెదురు పొదల నీడలో నిలబడిన పులి ముఖం నల్లగా పడినప్పుడు, రా ఫైలు నుండి ఆ ముఖాన్ని చాలావరకు వెలికితీయవచ్చు. అదే పని జేపెగ్‌తో చేయబోతే నీడలు పెచ్చులుగా విరిగి కనిపిస్తాయి. మట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన తెల్ల కొంగ సంగతి దీనికి భిన్నం. ఈకల మీది వెలుగు సెన్సరు పట్టగలిగినదానికి మించిపోతే అక్కడ నమోదైన వివరమేదీ ఉండదు. ఏ సాఫ్టువేరూ దానిని తిరిగి తేలేదు. అందుకే తెల్లని పక్షులను తీసేవారు ఎక్స్‌పోజరును కొంచెం తగ్గించి తీసి, తరువాత నీడలను పైకి లేపుతారు.

సాఫ్టువేర్లు

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్‌ను అడోబ్ సంస్థ 1990లో విడుదల చేసింది. 1996లో వెలువడిన జింప్ ఉచిత సాఫ్టువేరు. అడోబ్ లైట్‌రూమ్ 2007లో వచ్చింది. ఇది వందల సంఖ్యలో చిత్రాలు తీసేవారికి అనువైనది. ఒక చిరుత చెట్టు దిగుతుండగా నిమిషంలో రెండు వందల ఫోటోలు తీసినవారికి వాటిని ఏరుకోవడమే మొదటి పని కదా! లైట్‌రూమ్ అసలు ఫైలును ముట్టుకోదు. చేసిన మార్పులను సూచనలుగా మాత్రమే దాచుకుంటుంది, కనుక ఎప్పుడైనా మొదటికి వెళ్ళవచ్చు. డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఉచిత సాఫ్టువేర్లు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. నేర్చుకొనే విద్యార్థికి ఈ ఉచిత సాఫ్టువేర్లు చాలు.

సవరణ క్రమం

సాధారణంగా ముందుగా వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజరు సరిచేసి, ఆ తరువాత రంగులు, నాయిస్, క్రాపింగ్ చూసుకొని, చివరగా పదును పెడతారు. దట్టమైన చెట్ల కింద వెలుగు ఆకుల మీదుగా రావడం వలన జంతువు ఒంటిపై ఆకుపచ్చ ఛాయ పడుతుంది. పులి చెక్కిళ్ళ మీది తెల్లని వెంట్రుకల వంటి భాగాన్ని ఆధారంగా తీసుకుని ఈ ఛాయను తీసివేయవచ్చు. కాని సూర్యోదయ సమయంలో పడే బంగారు రంగును కూడా ఇదే పద్ధతిలో తుడిచివేస్తే, తెల్లవారుజామున తీసిన చిత్రం మధ్యాహ్నం తీసినట్లు తయారవుతుంది. అది సరిదిద్దడం కాదు, చెడగొట్టడం.

రంగుల గాఢతను పెంచడంలోనే కొత్తవారు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. పాలపిట్ట రెక్కలలోని నీలం, నెమలి మెడలోని నీలం ఆ రంగు పదార్థం వలన వచ్చినవి కావు. ఈకలలోని సూక్ష్మ నిర్మాణం మీద వెలుగు పడడం వలన ఏర్పడేవి. ఇవి ముందే గాఢంగా ఉంటాయి. వీటిని ఇంకా పెంచితే నీలం పరిమితి దాటిపోయి, ఈకల గీతలన్నీ మాయమై రంగు పూసిన అట్టముక్కలా కనిపిస్తుంది. పక్షులను గుర్తించేవారికి దీనివలన మరో చిక్కు ఉన్నది. ఆకుపిట్టల వంటి చిన్న పక్షులలో ఒక జాతిని మరొక జాతి నుండి వేరుచేయడానికి కాళ్ళ రంగు, పొట్ట మీది పసుపు ఛాయ వంటి చిన్న తేడాలే ఆధారాలు. అందమైన ఫోటో కోసం పసుపును కాస్త పెంచితే జాతి పేరే తారుమారు కావచ్చు.

జంతువులు చురుకుగా తిరిగేది తెల్లవారుజామున, సాయంకాలం. అప్పుడు వెలుగు తక్కువ కనుక ఐఎస్ఓను 3200, 6400 వరకు పెంచవలసి వస్తుంది. దానితో చిత్రమంతటా ఇసుక చల్లినట్లు చుక్కలు పడతాయి. దీనినే నాయిస్ అంటారు. జంతువును, వెనుకనున్న భాగాన్ని వేరుచేసి వెనుక భాగంలో నాయిస్‌ను ఎక్కువగా, జంతువు బొచ్చుపై తక్కువగా తగ్గించడం మంచి పద్ధతి. 2020 తరువాత వ్యాప్తిలోకి వచ్చిన కృత్రిమ మేధ ఆధారిత సాధనాలు ఈ పనిని ఆశ్చర్యకరంగా చేస్తాయి. కాని అవి లక్షలాది ఇతర చిత్రాల నుండి నేర్చుకున్నదానిని బట్టి పనిచేస్తాయి. వివరం లేనిచోట ఈకలు, వెంట్రుకలు ఇలా ఉండవచ్చునని ఊహించి గీస్తాయి. దూరంగా కూర్చున్న చిన్న పక్షి రొమ్ము మీద ఆ పక్షికి లేని చారలు ఏర్పడే అవకాశం ఉన్నది.

రాత్రిపూట ఫ్లాష్‌తో తీసిన చిత్రాలలో కళ్ళు ఆకుపచ్చగానో పసుపుగానో మెరుస్తాయి. అనేక క్షీరదాల కంటి లోపల వెలుగును తిప్పికొట్టే పొర ఉండటమే దీనికి కారణం. మనుషుల ఎర్రకన్నును సరిచేసే సాధనం ఎరుపును మాత్రమే వెదకుతుంది కనుక ఇక్కడ పనిచేయదు. పెంపుడు జంతువుల కళ్ళ కోసం ఇచ్చిన ప్రత్యేక సాధనాన్ని వాడాలి. పదును పెట్టేటప్పుడు కంటిపై శ్రద్ధ పెడితే చాలు. చిత్రమంతటికీ పదును పెడితే పక్షి చుట్టూ తెల్లని గీత ఏర్పడి, కాగితం కత్తిరించి అతికించినట్లు ఉంటుంది.

క్రాపింగును దాదాపు అన్ని నియమావళులు అనుమతిస్తాయి. నిజానికి ఇది కనిపించినంత నిర్దోషమైన పని కాదు. నీటిగుంట దగ్గర పడుకున్న పులి చుట్టూ పది జీపులున్నా, వాటిని కత్తిరించివేస్తే ఏకాంతమైన కీకారణ్యం మిగులుతుంది. చిత్రాన్ని అద్దంలోవలె కుడిఎడమలు తిప్పడం మరొకటి. పులికి కుడి పక్క ఉన్న చారలు ఎడమ పక్క ఉండవు, ఏ రెండు పులుల చారలు ఒకటిగా ఉండవు. భారతదేశంలో 2006 నుండి జరుగుతున్న పులుల గణనలో కెమెరా ట్రాపుల చిత్రాలలోని ఈ చారలే ఒక్కొక్క పులిని గుర్తించే ఆధారం. నాగార్జునసాగర్-శ్రీశైలం, ఆమ్రాబాద్, కవ్వాల్ అభయారణ్యాలలోనూ ఇదే పద్ధతి. తిప్పిన చిత్రంలోని పులి ఏ జాబితాలోనూ లేని పులి అవుతుంది.

వివాదాస్పదమైన చిత్రాలు

అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆర్ట్ వోల్ఫ్ 1994లో వెలువరించిన మైగ్రేషన్స్ అనే పుస్తకంలో సుమారు మూడో వంతు చిత్రాలలో కంప్యూటరు ద్వారా మార్పులు చేశారు. మందలోని ఖాళీలను అదే మందలోని జంతువుల నకళ్ళతో పూరించారు. కొన్ని చిత్రాలను మార్చినట్లు ముందుమాటలో చెప్పినా, అవి ఏవో చిత్రాల దగ్గర చెప్పకపోవడం పెద్ద చర్చకు దారితీసింది. అది కళాపుస్తకమని సమర్థించినవారూ ఉన్నారు.

చైనాలో జరిగిన సంఘటన ఇంతకన్నా తీవ్రమైనది. ఛింగ్‌హై-టిబెట్ రైలుమార్గం 2006 జూలై 1న ప్రారంభమైనది. శాతూష్ ఉన్ని కోసం వేటాడడం వలన బాగా తగ్గిపోయిన చిరు అనే టిబెట్ జింకల వలసదారులకు ఈ మార్గం అడ్డుపడుతుందని ఆందోళన ఉండేది. జంతువులు దాటడానికి మార్గం కింద దారులు వదిలామని ప్రభుత్వం చెప్పింది. ఆ సంవత్సరమే దాఛింగ్ నగరానికి చెందిన ఒక దినపత్రిక ఛాయాగ్రాహకుడు లియు వెయ్‌ఛియాంగ్ ఒక చిత్రాన్ని ప్రచురించాడు. అందులో వంతెన మీద రైలు పోతుండగా, కింద ఇరవైకి పైగా చిరులు నిశ్చింతగా సాగిపోతున్నాయి. చైనా జాతీయ టెలివిజను దానిని ఆ ఏటి మేటి వార్తాచిత్రాలలో ఒకటిగా ఎన్నుకున్నది. 2008 ఫిబ్రవరిలో చిత్రం అడుగుభాగాన అతుకు గీత ఉన్నదని ఒక ఇంటర్నెట్ సభ్యుడు ఎత్తిచూపాడు. రైలు చప్పుడుకు చిరులు అలా బెదరకుండా ఉండవన్న సందేహమూ వచ్చింది. రైలును, జింకలను విడివిడిగా తీసి ఫోటోషాప్‌లో కలిపానని లియు ఒప్పుకుని ఉద్యోగం వదులుకున్నాడు. రైలూ నిజమే, జింకలూ నిజమే. అవి రెండూ ఒకేచోట భయం లేకుండా ఉన్నాయన్న మాటే అబద్ధం. ప్రజలు తెలుసుకోగోరినది కూడా సరిగ్గా ఆ మాటనే.

స్వీడన్‌లో 2010 సంవత్సరానికి ఉత్తమ ప్రకృతి ఛాయాగ్రాహకుడుగా ప్రభుత్వ పర్యావరణ సంస్థ గౌరవించిన తెర్యె హెల్లెసొ, మరుసటి సంవత్సరమే పట్టుబడ్డాడు. జూలైలో తీశానన్న లింక్స్ అనే అడవిపిల్లికి చలికాలపు ఒత్తైన బొచ్చు ఉండటం వేట, అటవీ విషయాలు తెలిసినవారి కంటబడింది. ఇతరులు తీసిన చిత్రాలలోని జంతువులను తన అడవి చిత్రాలలో అతికించినట్లు తరువాత అంగీకరించాడు. సాఫ్టువేరు నైపుణ్యంలో లోపం లేదు. జంతుశాస్త్రమే అతనిని పట్టించింది.

ఇటువంటి చిత్రాల వలన నిజమైన చిత్రాలకు కూడా నష్టం కలుగుతుంది. 2001లో హెలికాప్టరు నిచ్చెన మీది మనిషి పైకి సొరచేప ఎగిరే చిత్రం ఈమెయిళ్ళలో ప్రపంచమంతా తిరిగింది. అది శాన్‌ఫ్రాన్సిస్కోలోని హెలికాప్టరును, దక్షిణాఫ్రికాలోని సొరచేపను కలిపిన చిత్రం. కొద్ది కాలానికి 2003లో థామస్ పెషాక్ దక్షిణాఫ్రికా తీరంలో చిన్న పడవ వెనుక వస్తున్న తెల్ల సొరచేపను నిజంగానే ఫోటో తీశారు. చాలామంది దానిని నకిలీ అనుకున్నారు. విచిత్రమేమిటంటే, 2011 నుండి ఆ సొరచేపనే కత్తిరించి, వరద వచ్చిన వీధులలో ఈదుతున్నట్లు నకిలీ చిత్రాలు తయారుచేశారు.

నియమాలు

అంతర్జాతీయ ఛాయాగ్రహణ సమాఖ్య, అమెరికా ఛాయాగ్రహణ సంఘం, బ్రిటన్ రాయల్ ఛాయాగ్రహణ సంఘం కలిసి అంగీకరించిన ప్రకృతి ఛాయాచిత్ర నిర్వచనం 2015 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం క్రాపింగ్ మినహా, చిత్రంలో ఉన్నదానిని తీసివేయడం, లేనిదానిని చేర్చడం, స్థానం మార్చడం నిషిద్ధం. సెన్సరు మీది ధూళి మచ్చలను, నాయిస్‌ను తొలగించవచ్చు. పక్షి ముందు అడ్డుపడిన గడ్డిపోచను మాత్రం తొలగించరాదు. చూడడానికి రెండూ ఒకే సాధనంతో చేసే ఒకేరకం పనులు. మచ్చ కెమెరాలో ఉన్నది, గడ్డిపోచ అడవిలో ఉన్నది, తేడా అంతే. లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం నిర్వహించే వార్షిక వన్యప్రాణి ఛాయాచిత్రాల పోటీలో తుది దశకు చేరినవారు రా ఫైళ్ళను చూపవలసి ఉంటుంది. 2010లో ఫోటోషాప్‌లో చేరిన ఖాళీలను తానే పూరించే సాధనం, 2023లో చేరిన మాటలతో అడిగితే బొమ్మను సృష్టించే సాధనం ఈ తనిఖీల అవసరాన్ని పెంచాయి. చిత్రంలో జరిగిన మార్పుల చరిత్రను ఫైలులోనే భద్రపరచే ఏర్పాటుతో లైకా సంస్థ 2023లో ఒక కెమెరాను విడుదల చేసింది.

స్థల సమాచారం తొలగింపు

ఫోటో ఫైలులో తీసిన తేదీ, కెమెరా అమరికలతో పాటు, జీపీఎస్ ఉన్న కెమెరాలు, ఫోనులలో అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. ఖడ్గమృగం, బట్టమేక పక్షి, గూడు కట్టుకున్న గద్ద వంటి వాటి విషయంలో ఇవి వేటగాళ్ళకు దారి చూపగలవు. కనుక ప్రచురణకు ఇచ్చే నకలులో స్థల వివరాలను తొలగించి, అసలు ఫైలులో మాత్రం ఉంచుకోవాలి. ఈబర్డ్ వంటి పక్షుల నమోదు వేదికలు కూడా ముప్పులో ఉన్న కొన్ని జాతుల స్థలాలను బహిరంగంగా చూపవు. అంకెలను తొలగించినంత మాత్రాన సరిపోదు. వెనుకనున్న కొండ ఆకారం, చెరువు గట్టు మీది మండపం, మైలురాయి మీది అక్షరాలు కూడా చోటు చెప్పేస్తాయి. అటువంటప్పుడు వాటిని చెరిపివేయకుండా క్రాపింగ్ చేసి బయట ఉంచడం, లేదా ఆ చిత్రాన్ని ప్రచురించకుండా మరొకటి ఎంచుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి.