గోడౌన్‌కి రెండు తాళాలు

మీలో ఎవరైనా చెరకు పండే ఊళ్ళో పెరిగి ఉంటే ఆ వాసన గుర్తుండే ఉంటుంది. సంక్రాంతి ముందూ వెనకా, గాలి ఎటు వీస్తే అటు మొలాసిస్ వాసన. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం అది జీతాల వాసన. మా నాన్నగారు కోస్తాలో ఒక సహకార చక్కెర ఫ్యాక్టరీలో పాన్‌మ్యాన్. అంటే మరుగుతున్న పాకం ఏ క్షణాన పలుకు కడుతుందో చూసి చెప్పే మనిషి. అద్దం ముక్క మీద ఒక చుక్క వేసి, లైటుకి ఎదురుగా పెట్టి చూసేవారు. నేను నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివి కూడా ఆ చూపు నేర్చుకోలేకపోయాను.

ఆ ఫ్యాక్టరీ 2003లో ఆగిపోయింది. నాన్నగారికి అప్పటికి 54 ఏళ్ళు. 58 నిండి రిటైరయ్యే నాటికి ఆయన తాళం వేసిన గేటుకి బయటే ఉన్నారు. రావలసిన గ్రాట్యుటీలో కొంత భాగం 2011లో చేతికందింది. మధ్యలో ఎనిమిదేళ్ళు. నేను 2006లో అమెరికా వచ్చాను కాబట్టి మా ఇల్లు గడిచింది. ప్రతి ఆదివారం ఫోన్‌లో ఆయన అడిగే ప్రశ్న ఒకటే ఉండేది: "భూమి ఉంది, మెషినరీ ఉంది, గోడౌన్లో పంచదార ఉంది. మరి డబ్బు లేదంటారేంట్రా?"

ఫ్యాక్టరీ పేరు చెప్పటం నాకిష్టం లేదు. అలాంటివి మన రాష్ట్రంలో చాలా ఉండేవి, కథ కూడా కొంచెం అటూ ఇటూగా అదే. నేను లాయర్ని కాను. కానీ నాన్నగారి ప్రశ్నకి జవాబు వెతుకుతూ పాత చట్టాలు, తీర్పులు చదివే అలవాటు పట్టుకుంది. ఆ చదువులో తేలిన సంగతులు ఇవి.

సహకార చక్కెర అనగానే అందరూ మహారాష్ట్ర పేరు చెబుతారు. అక్కడ ప్రవరానగర్ ఫ్యాక్టరీ మొదటి గానుగ ఆడింది 1950లో. మన అప్పటి విశాఖ జిల్లా ఏటికొప్పాకలో రైతులు సహకార చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నది 1933లో. లక్కబొమ్మల ఏటికొప్పాకే! ఆఫీసులో మరాఠీ మిత్రులతో ఈ విషయం మీద నేను రెండుసార్లు కాఫీ గెలుచుకున్నాను. దానికి ముందటి ఏడు, 1932లో, విదేశీ చక్కెర మీద సుంకం వేసి దేశీయ పరిశ్రమకి రక్షణ కల్పించే చట్టం వచ్చింది. ముప్పై చిల్లర ఉన్న ఫ్యాక్టరీలు నాలుగైదేళ్ళలోనే వంద దాటాయి. ఎక్కువభాగం ఉత్తరాదిన, షావుకార్ల చేతుల్లో. అలాంటి రోజుల్లో రైతులు వాటాలు వేసుకుని ఫ్యాక్టరీ పెట్టటమంటే మాటలు కాదు. స్వాతంత్ర్యం తరవాత ప్రభుత్వమూ వాటా పెట్టింది, అప్పులకు హామీ ఉంది. తుమ్మపాల, చోడవరం, తాండవ, ఆమదాలవలస, భీమసింగి, చిత్తూరు, గాజులమండ్యం అని ఒక్కొక్కచోటా చిమ్నీలు లేచాయి.

ఇక్కడ మనం సాధారణంగా గమనించని ఒక సంగతుంది. ఈ సంఘాల్లో సభ్యుడు చెరకు రైతు. వాటా ఆయనది, ఓటు ఆయనది. బాయిలర్ దగ్గర చెమటోడ్చేవాడు మాత్రం సహకారం అనే మాట జీతం స్లిప్పు మీద చూసుకోవటమే. సంఘానికి అతను ఉద్యోగి, అంతే. అందులోనూ రెండు రకాలు. పర్మనెంటు వాళ్ళు ఏడాది పొడుగునా. సీజనల్ వాళ్ళు క్రషింగ్ ఉన్నన్నాళ్ళు. ఆఫ్ సీజన్లో రిటైనింగ్ అలవెన్స్ పేరుతో జీతంలో కొంత భాగం. నాన్నగారు 1973లో సీజనల్‌గా చేరి, పదకొండు సీజన్లు చేశాక 1984లో పర్మనెంటయ్యారు. ఈ పదకొండు సీజన్ల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక గోడౌన్ సంగతి. చెరకు నాలుగైదు నెలల్లో వచ్చి పడుతుంది. పంచదార ఏడాది పొడుగునా అమ్ముడవుతుంది. ఏ నెల ఎంత బయటికి పంపాలో చాలాకాలం కేంద్రమే చెప్పేది, అందులో కొంత తక్కువ ధరకి లెవీ కింద ఇవ్వాలి. ఈ లోపల రైతుకి డబ్బివ్వాలి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. అంత డబ్బు ఫ్యాక్టరీ దగ్గర ఎక్కడుంటుంది? అందుకని పంచదార బస్తాలు బ్యాంకుకి తాకట్టు పెట్టి అప్పు తెచ్చేవారు. గోడౌన్ తలుపుకి రెండు తాళాలు: ఒకటి ఫ్యాక్టరీది, ఒకటి బ్యాంకుది. చిన్నప్పుడు నాన్నగారికి క్యారేజీ తీసుకెళ్ళినప్పుడల్లా ఆ రెండో తాళం చూసి, దొంగల భయం ఎక్కువ కాబోలు అనుకునేవాణ్ణి. గోడౌన్లో పంచదార ఉన్నా డబ్బు లేకపోవటానికి సగం జవాబు ఆ తాళంలోనే ఉందని పాతికేళ్ళ తరవాత గానీ తెలియలేదు.

ఫ్యాక్టరీలు ఎందుకు దెబ్బతిన్నాయన్నది వేరే పెద్ద వ్యాసం. పాతకాలపు చిన్న మిల్లులు, కరెంటు అమ్మి ఆల్కహాల్ అమ్మి నెగ్గుకొచ్చే కొత్త ప్రైవేటు మిల్లుల పోటీ, ఎన్నికైన పాలకవర్గాల బదులు ఏళ్ళ తరబడి పర్సన్ ఇన్‌చార్జిలు, పేరుకున్న వడ్డీలు. 1998లో ప్రపంచ బ్యాంకు అప్పుతో రాష్ట్రంలో ఆర్థిక పునర్వ్యవస్థీకరణ మొదలయ్యాక, నష్టాల్లో ఉన్నవాటిని వదిలించుకోవటం ప్రభుత్వ విధానమైంది. 2000 దాటిన తొలి ఏళ్ళలో ఆమదాలవలస, హనుమాన్ జంక్షన్ వంటి చోట్ల సహకార మిల్లులు అమ్మకానికి వచ్చాయి. ఎవరిది తప్పన్నది సభల్లో తేల్చుకోవలసిన విషయం. నాన్నగారి ప్రశ్న అమ్మకం గురించి కాదు, అమ్మాక వచ్చిన డబ్బు గురించి.

మా వృత్తిలో ప్రయారిటీ క్యూ అని ఒకటుంది. ముందొచ్చినవాడు ముందు నిలబడడు, ముందే రాసిపెట్టిన ప్రాధాన్యాన్ని బట్టి నిలబెడతారు. ఒక సంస్థని మూసేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ఆస్తి ఎంతన్నది ఒక లెక్క. వరుసలో నువ్వెక్కడున్నావన్నది అంతకన్నా పెద్ద లెక్క. తాకట్టు పెట్టుకున్న బ్యాంకు అందరికన్నా ముందుంటుంది. మిగిలినవాళ్ళు ఆ వెనక.

కంపెనీల విషయంలో ఈ వరుస కొంత మారింది. 1982లో సుప్రీంకోర్టు, కంపెనీ మూసివేత కేసులో కార్మికుల మాట కూడా వినాలని చెప్పింది. 1985లో కంపెనీల చట్టం సవరించి, కార్మికుల బకాయిలను తాకట్టున్న బ్యాంకుతో సమానంగా నిలబెట్టారు. అయితే సహకార సంఘం కంపెనీ కాదు! అది నడిచేది 1964 నాటి మన సహకార సంఘాల చట్టం కింద. మూసేవాడు రిజిస్ట్రారు నియమించిన లిక్విడేటరు. అదే ఇంజను, అదే చిమ్నీ, అదే చెమట. కానీ గేటు మీద కంపెనీ అని రాసి ఉంటే ఒక వరుస, సహకార సంఘమని రాసి ఉంటే ఇంకో వరుస. తెలంగాణ మిత్రులు బోధన్ సంగతి అడుగుతారు. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ కంపెనీ. 2015 డిసెంబరులో మూతపడ్డాక దాని లిక్విడేషన్ ఉత్తర్వు 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ నుంచి వచ్చింది. దారి వేరు. ఎదురుచూపుల్లో మాత్రం పెద్ద తేడా లేదు.

మరి కార్మికుడికి ఏ అండా లేదా అంటే, ఉంది. రెండు చట్టాలు. ఒకటి 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం, రెండోది 1972 నాటి గ్రాట్యుటీ చట్టం. పీఎఫ్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, యజమాని కట్టకుండా ఎగ్గొట్టిన పీఎఫ్ సొమ్ముకి సంస్థ ఆస్తుల మీద మొదటి హక్కు ఉంది. ఇది తాకట్టు పెట్టిన బస్తాలకి కూడా వర్తిస్తుందా? సరిగ్గా ఈ ప్రశ్నే మహారాష్ట్రలోని రెండు సహకార చక్కెర ఫ్యాక్టరీల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బస్తాలు మా తాళం కింద ఉన్నాయి కాబట్టి మావే అంది మహారాష్ట్ర రాష్ట్ర సహకార బ్యాంకు. 2009 అక్టోబరులో కోర్టు, పీఎఫ్ బకాయిలే ముందు, తాకట్టు ఆ తరవాతే అని తేల్చింది. ఆ వార్త చదివిన రాత్రి నేను ఇండియాకి ఫోన్ చేశాను. నాన్నగారు అంతా విని, "మంచిదే. మరి గ్రాట్యుటీ?" అన్నారు.

అక్కడే చిక్కు. ఆ తీర్పు పీఎఫ్‌కి. గ్రాట్యుటీ చట్టంలో అలాంటి మొదటి హక్కు లేదు. ఎగ్గొడితే లేబర్ శాఖ అధికారి సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని పట్టుకుని కలెక్టరు భూమిశిస్తు బకాయిలాగా వసూలు చెయ్యాలి. మా ఫ్యాక్టరీకి పర్సన్ ఇన్‌చార్జి కూడా జిల్లా అధికారే. అంటే ఒక గదిలో కూర్చుని వసూలు చెయ్యమని సంతకం పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి డబ్బు లేదని జవాబు రాయాలి. గ్రాట్యుటీకి యజమాని తప్పనిసరిగా ఇన్సూరెన్స్ చెయ్యాలనే సెక్షన్ ఆ చట్టంలో 1987లోనే చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో దాని నిబంధనలు వచ్చింది 2011లో. అప్పటికి మా మిల్లు రోలర్లు తుక్కు లారీ ఎక్కేశాయి.

ఇప్పుడు ఆ పదకొండు సీజన్లు. గ్రాట్యుటీ లెక్క సులువే: చివరి నెల జీతాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున. సీజనల్ కార్మికుడికి మాత్రం సీజనుకి 7 రోజులే. నాన్నగారి చివరి బేసిక్, డీఏ కలిపి 7,800 రూపాయలు. రోజుకి 300. పర్మనెంటుగా 19 ఏళ్ళకి 85,500. సీజనల్‌గా 11 సీజన్లకి 23,100. మొత్తం 1,08,600 రూపాయలు. మనలో కొందరికి ఇది ఒక నెల కారు వాయిదా, ఇన్సూరెన్స్, పెట్రోలు ఖర్చుతో సరి. అక్కడ ముప్పై ఏళ్ళ పనికి ఇచ్చే వీడ్కోలు అది. నెలనెలా వచ్చే పీఎఫ్ పింఛనా? 1995 పథకం కింద కనీసం వెయ్యి రూపాయలనే నియమం కూడా 2014లో గానీ రాలేదు.

ఆ 1972 చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. 2020లో చేసిన ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాతవాళ్ళ క్లెయిములు మాత్రం పాత చట్టం కిందివే.

మేముండేది ఇండియానాలో. 2014లో నాన్నగారు వచ్చినప్పుడు సౌత్ బెండ్‌లో స్టూడెబేకర్ మ్యూజియం చూపించాను. ఆ కార్ల కంపెనీ 1963 డిసెంబరులో అక్కడి ఫ్యాక్టరీ మూసేసింది. అరవై దాటినవాళ్ళకి పింఛను పూర్తిగా దక్కింది. నలభై నుంచి అరవై లోపు, సర్వీసు పదేళ్ళున్న నాలుగువేల పైచిలుకు మందికి దక్కింది రావలసినదాంట్లో సుమారు 15 శాతం. ఇంకా చిన్నవాళ్ళకి సున్నా. ఆ గొడవ వాషింగ్టన్ దాకా పాకి, 1974లో ఎరిసా చట్టం, పింఛన్లకి హామీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ వచ్చాయి. నేనిదంతా ఉత్సాహంగా చెబుతుంటే నాన్నగారు ఒక నల్లకారు ముందు ఆగి, "ఆ పదిహేను శాతమైనా ఎన్నాళ్ళకిచ్చారు?" అని అడిగారు. మరుసటి ఏడాదే పథకం తేల్చేశారని చెప్పాను. "ఫరవాలేదు, త్వరగానే తేల్చారు," అన్నారు.

నాన్నగారికి కొంతైనా రావటానికి కారణం ఒక రేకు పెట్టె. 1973 నుంచి ప్రతి జీతం స్లిప్పు, పీఎఫ్ చీటీ, సీజనుకి రమ్మని పంపిన ప్రతి కార్డు అందులో దాచారు. మా అమ్మ ఏటా దీపావళికి దాన్ని పారేస్తానని బెదిరించేది. ఫ్యాక్టరీ మూశాక టైమ్ ఆఫీసు గదికి తాళం పడింది. మళ్ళీ తెరిచేనాటికి పాత మస్టర్లు చెదపురుగుల పాలయ్యాయి. కాయితం ఉన్నవాడికి సీజన్లు లెక్కలోకొచ్చాయి. లేనివాడికి పర్మనెంటు ఏళ్ళే లెక్క.

చిన్నప్పుడు మేం నాన్నగారి స్నేహితులని సెక్షన్ పేరుతో పిలిచేవాళ్ళం: కాటా బాబాయి, బాయిలర్ బాబాయి. బాయిలర్ బాబాయి పన్నెండు సీజన్లు అలాగే పోయాయి. 2023లో ఊరు వెళ్ళినప్పుడు ఆయన లేబర్ ఆఫీసులో ఇచ్చిన ఫారం తాలూకు రసీదు చూపించాడు, నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో. "నువ్వు కంప్యూటర్ ఇంజినీరువి కదరా అబ్బాయీ, 1976 మస్టరు ఎక్కణ్ణించైనా తియ్యగలవా?"

కంప్యూటర్‌తో ఏమీ కాలేదు. నాన్నగారూ నేనూ రెండ్రోజులు కూర్చుని రేకు పెట్టె అంతా వెతికాం. 1978 సీజను షిఫ్టు చార్టు కార్బన్ కాపీ ఒకటి దొరికింది. బి షిఫ్టులో, పాన్ హౌస్ కింద నాన్నగారి పేరు, బాయిలర్ కింద బాబాయి పేరు. అంచుల్లో సిరా పాకింది కానీ పేర్లు చదవొచ్చు. జిరాక్స్ తీయించి, నోటరీ చేయించి జత చేశాం. ఒక్క సీజనుకి ఋజువు దొరికింది. మిగతా పదకొండింటికి ఇంకా వెతుకుతున్నాం.