వేలిముద్రలూ, నేరాల లెక్కలూ

మొన్న నరసరావుపేటలో విద్యార్థుల గోష్ఠిలో వొక కుర్రవాడు లేచి, "నేరాన్ని అర్థం చేసుకోడానికి యింకా వాదాలెందుకు మాస్టారూ? వేలిముద్రలున్నై, లెక్కలున్నై" అన్నాడు. విజ్ఞానశాస్త్రం మీద అతని నమ్మకాన్ని నేను ఆక్షేపించను. కాని ఆ లెక్కలకూ వొక చరిత్ర వున్నది. పల్నాటి నుంచి చూస్తే అది స్పష్టంగా కనబడుతుంది.

అడవిలో గొడ్లను మేపుకోవటం పల్నాటి రైతుకు బతుకుతెరువు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు చేసిన అడవిలో అనుమతి లేకుండా మేపితే అదే నేరం. రైతు మారలేదు, గొడ్డు మారలేదు, చట్టం మారింది. అలాంటి కేసుల పట్టిక చేతబట్టుకొని పల్నాటివాళ్ళు నేరస్వభావులని తేల్చే గణకుణ్ణి యేమనాలి? 1921లో పుల్లరి సత్యాగ్రహం సాగింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు నేలకొరిగాడు. పుల్లరి యెగవేతకు పట్టికలో వొక గడి వుంటుంది. ఆ తూటాకు యే గడి?

ఇక వేలిముద్ర. 1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షెల్ వొక కంట్రాక్టరుచేత కాగితం మీద చేతిముద్ర వేయించాడు. దొంగను పట్టడానికి కాదు. కంట్రాక్టరు రేపు తన సంతకం కాదనకుండా బెదిరించటానికి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. ముద్రలను 1024 గడుల్లో సర్దే పద్ధతికి హెన్రీ దొర పేరు పెట్టారు. దాని వెనక లెక్కకట్టిన బుర్రలు అజీజుల్ హక్, హేమచంద్ర బోసులవి. (దొరల కీర్తి చాలావరకు యిలాంటిదే.)

1911 నేరస్థ జాతుల చట్టం ఆ విద్యను యెరుకలవారివంటి జాతులమీద ప్రయోగించింది. నేరం చేయనక్కరలేదు, రిజిస్టరులో పేరుంటే చాలు, ముద్ర తీసుకోవచ్చు. అప్పటి గుంటూరు జిల్లాలో స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ కాలపు సృష్టే. దొంగతనం జరిగిన చోట దొరికిన ముద్రను రిజిస్టరులో వున్న ముద్రలతోనే గదా పోల్చి చూసేది! పోలిక కుదిరితే యెరుకలవాడు దొరుకుతాడు. షావుకారు వేళ్ళు ఆ అలమరలోనే లేవు, యెట్లా దొరుకుతాడు? దొరికినవాళ్ళను లెక్కపెట్టి, జాతి మొత్తం దొంగలన్నారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో.

1986లో యేర్పడిన జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో, వొకే కేసులో అనేక నేరాలుంటే అన్నిటికన్న పెద్దదే లెక్కకు వస్తుంది. పూర్వం హత్య చాటున అత్యాచారం అదృశ్యమయ్యేది. 2022 చట్టం ప్రకారం సేకరించిన కొలతలు 75 యేళ్ళు భద్రపరుస్తారు.

"అయితే ముద్ర నిర్దోషిని విడిపించదా?" అని ఆ కుర్రవాడే మళ్ళీ అడిగాడు. మంచి ప్రశ్న. విడిపిస్తుంది, నిస్సందేహంగా. అందుకే శాస్త్రాన్ని పోలీసు బీరువాకు వదలిపెట్టవద్దన్నాను. వచ్చే గోష్ఠిలో 1911 చట్టాన్ని సెక్షను సెక్షనూ చదువుదామని అనుకున్నాం.