ఫెయిలైన టెస్టులోంచి పుట్టిన మాత్ర

పోయినేడాది నెలల తరబడి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం.. అన్నీ కలిపి డాక్టరు ముందు పెడితే అమిట్రిప్టిలిన్ అనే మాత్ర రాశారు. రాత్రి పడుకునే ముందు ఒకటి. రూముకొచ్చి గూగుల్ చేస్తే మొదట కనపడిన మాట 'యాంటీ డిప్రెసెంట్'. గుండె జారిపోయింది. "ఏం మందులిచ్చారు నాన్నా?" అని అమ్మ ఫోన్లో అడిగితే "తలనొప్పికేనమ్మా" అని సగం నిజం చెప్పా.

వారం వాడా. నోరు పిడచకట్టుకుపోవడం, పొద్దున మీటింగులో తూగడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఎనిమిదో రోజు నా అంతట నేనే మానేశా. మళ్ళీ వెళ్తే డాక్టరు గారు చివాట్లు పెట్టారు. "మూడు వారాలన్నా చూడకుండా పనిచెయ్యలేదని ఎలా తేల్చావు బాబూ?" అని. ఈ మూడు వారాల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుకుతుంటే దొరికిన కథ ఇది.

1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రోమజీన్ అనే మందుతో స్కిజోఫ్రెనియా రోగుల్ని కుదుటపరచగలిగారు. దాంతో మందుల కంపెనీలన్నీ అలాంటి దానికోసం వేట మొదలెట్టాయి. స్విట్జర్లాండులో బాసెల్ నగరంలోని గైగీ కంపెనీ దగ్గర జి 22355 అని నంబరు తప్ప పేరైనా లేని పదార్థం ఒకటుంది. క్లోర్‌ప్రోమజీన్‌కి దగ్గరి చుట్టం లాంటి అణువు. కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున మున్‌స్టర్లింగెన్ అనే ఊళ్ళో ప్రభుత్వ మానసిక వైద్యశాలలో పనిచేసే రోలాండ్ కూన్ దాన్ని స్కిజోఫ్రెనియా రోగుల మీద పరీక్షించాడు. ఫలితం? పనిచెయ్యలేదు. పైగా కొందరిలో అలజడి ఎక్కువైంది. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ ఫెయిల్, టికెట్ క్లోజ్.

కూన్ మాత్రం క్లోజ్ చెయ్యలేదు. 1956 జనవరిలో అదే మందుని తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్నవాళ్ళకి ఇచ్చి చూశాడు. కొన్ని రోజుల నుంచి మూడు వారాల లోపు చాలామందిలో మార్పు కనపడింది. మాటలు వచ్చాయి, నిద్ర వచ్చింది. అప్పట్లో స్కానింగులు లేవు. మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా గమనించడమే పద్ధతి. 1957 సెప్టెంబరులో జ్యూరిక్‌లో జరిగిన ప్రపంచ సైకియాట్రీ మహాసభలో ఈ సంగతి చెబితే వినడానికి వచ్చినవాళ్ళు పట్టుమని డజను మందే! ఆ మందే ఇమిప్రమీన్. అణువులో మూడు రింగులుంటాయి కాబట్టి ఈ కుటుంబానికి ట్రైసైక్లిక్ అని పేరొచ్చింది. నా అమిట్రిప్టిలిన్ దాని తమ్ముడన్నమాట, 1961లో అమెరికాలో అనుమతి పొందింది.

ఎలా పనిచేస్తుందో కొంతవరకు తెలిసింది ఆ తర్వాతే. నరాల కణాలు వదిలిన నార్‌ఎడ్రినలిన్‌ని మళ్ళీ లోపలికి లాక్కోకుండా ఈ మందు అడ్డుపడుతుందని జూలియస్ ఆక్సెల్‌రాడ్ బృందం 1960ల మొదట్లో చూపించింది. ఆయనకి 1970లో నోబెల్ వచ్చింది. ఆ అడ్డు పడటం గంటల్లోనే జరుగుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది.

చిక్కేమిటంటే ఈ అణువు ఒక్కచోట ఆగదు, కనపడిన తలుపులన్నీ తడుతుంది. ఎసిటైల్‌కోలిన్ దారి మూస్తే నోరెండటం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం ఆగడం. హిస్టమిన్ దారి మూస్తే నిద్రమత్తు. చటుక్కున లేస్తే బీపీ పడి కళ్ళు తిరుగుతాయి. గుండెలో కరెంటు నడిచే తీరు మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. గ్లకోమా, ప్రొస్టేటు, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నాయా అని డాక్టరు గుచ్చిగుచ్చి అడిగేది ఇందుకే. కొందరికి ముందు ఈసీజీ తీయించేదీ ఇందుకే. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, మత్తునిచ్చే జలుబు మందులు, వేరే డిప్రెషన్ మందులు వాడుతుంటే దాచకుండా చెప్పాలి. మందు కొడితే మత్తు రెట్టింపవుతుంది, కాబట్టి వీకెండ్ పార్టీల్లో జాగ్రత్త. మొదటి రోజుల్లో బండి నడపొద్దు. తక్కువ మోతాదుతో మొదలెట్టి మెల్లగా పెంచాలి, మానేటప్పుడూ డాక్టరు చెప్పినట్టు మెల్లగానే తగ్గించాలి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు.

ఇంకోటి సూటిగా చెప్పాలి. మేలు చేసే మోతాదుకీ ప్రాణం తీసే మోతాదుకీ మధ్య దూరం ఈ మందుల్లో తక్కువ. 1987లో అమెరికాలో ఫ్లూఆక్సెటిన్ వచ్చాక డాక్టర్లు డిప్రెషన్‌కి అటు మళ్ళడానికి ఇదొక పెద్ద కారణం. అందుకే ఇంట్లో ఎక్కువ స్టాకు పెట్టొద్దు, పిల్లలకి అందనివ్వొద్దు. పొరపాటున ఎక్కువ మింగితే లక్షణాల కోసం చూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. డిప్రెషన్ మందులు మొదలెట్టిన వారాల్లో కుర్రవాళ్ళలో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2004లో పిల్లలు, టీనేజర్ల విషయంలో హెచ్చరించింది, 2007లో దాన్ని 24 ఏళ్ళ దాకా పొడిగించింది. అలాంటి ఆలోచన వస్తే ఇంట్లోవాళ్ళకీ డాక్టరుకీ వెంటనే చెప్పాలి. మనదేశంలో 2022 నుంచి నడుస్తున్న టెలీమానస్ నంబరు 14416.

కూన్‌ని హీరో చేసి ముగిద్దామనుకున్నా గానీ కుదర్లేదు. 2019లో స్విస్ చరిత్రకారులు ఆ ఆస్పత్రి కాగితాలన్నీ తిరగేసి ఓ పుస్తకం వేశారు. కూన్ దశాబ్దాల పాటు 67 పదార్థాల్ని 1,100 మందికి పైగా రోగుల మీద పరీక్షించాడట. వాళ్ళలో చాలామందికి తమ మీద పరీక్ష జరుగుతోందన్న సంగతే తెలియదు. చెప్పినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు.

ఇది చదివాక నాకు సిగ్గేసింది. నాకు డాక్టరు అన్నీ చెప్పారు. స్ట్రిప్ వెనక రాసుంది, పెట్టెలో కాగితం ఉంది. అన్నీ ఉండి నేను వినకుండా మానేశా. ఆ మూడు వారాల లెక్క, ఏమీ తెలియకుండా మింగిన ఆ మనుషుల దగ్గర నేర్చుకున్నది.

మళ్ళీ మొదలెట్టా. నాలుగో వారానికి నిద్ర కుదిరింది, తలనొప్పి తగ్గింది. మొన్న అమ్మకి మొత్తం చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాత్రిళ్ళు గుర్తుచెయ్యనా నాన్నా?" అంది.

మీలో ఎవరైనా ఇంట్లో చెప్పకుండా ఇలాంటి మాత్ర వేసుకుంటుంటే ఒక్కరికైనా చెప్పండి. మీ అంతట మీరు మాత్రం మానెయ్యకండి.