ఇయాన్ డియరీ

ఇయాన్ డియరీ స్కాట్లాండ్‌కు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. మనుషుల తెలివితేటల్లో తేడాలు ఎందుకుంటాయి, చిన్ననాటి ప్రజ్ఞ ముసలితనం దాకా ఎంతవరకు నిలుస్తుంది, అందులో చదువు, ఉద్యోగం, జన్యువుల పాత్ర ఎంత అన్న ప్రశ్నల చుట్టూ ఆయన పరిశోధన సాగింది. స్కాట్లాండ్ బడిపిల్లలకు 1932లోనూ, 1947లోనూ పెట్టిన పరీక్షల రికార్డులను వెలికితీయడం ఆయన పనిలో ముఖ్య ఘట్టం. ఆ పిల్లలను వృద్ధులయ్యాక వెతికి పట్టుకుని సాగించిన 'లోథియన్ బర్త్ కోహార్ట్స్' అధ్యయనం ఆయనకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చింది.

జీవితం

డియరీ 1954లో స్కాట్లాండ్‌లోని కార్లూక్‌లో పుట్టారు. మనోవిజ్ఞానం, వైద్యం రెండూ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోనే చదివి, తర్వాత అక్కడే అధ్యాపకుడయ్యారు. మనుషుల మధ్య మానసిక భేదాల అధ్యయనం ఆయన ప్రధాన విషయం. 2008లో ఆ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన 'సెంటర్ ఫర్ కాగ్నిటివ్ ఏజింగ్ అండ్ కాగ్నిటివ్ ఎపిడెమియాలజీ'కి సంచాలకుడిగా ఉన్నారు. 2020లో పదవీ విరమణ చేశారు. లోథియన్ అధ్యయనాల బాధ్యత ఆ తర్వాత సైమన్ కాక్స్ చేతికి వచ్చింది.

స్కాట్లాండ్ సర్వేలు

1932 జూన్ 1, బుధవారం. 1921లో పుట్టి స్కాట్లాండ్ బడుల్లో చదువుతున్న పిల్లలు దాదాపు అందరూ ఆ రోజు ఒకే ప్రశ్నపత్రానికి జవాబులు రాశారు. వారి సంఖ్య 87,498. ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలు దేశంలో ఎందరున్నారో అంచనా వేయడం ఈ సర్వే ఉద్దేశాల్లో ఒకటి. దీన్ని స్కాట్లాండ్ విద్యా పరిశోధనా మండలి నిర్వహించింది. పరీక్ష రూపకల్పనలో గాడ్‌ఫ్రీ థామ్సన్‌ది కీలక పాత్ర. అంతకుముందు ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్ పల్లె బడుల్లో చదివే ప్రతిభావంతులైన పేద పిల్లలు ఉన్నత పాఠశాలలకు ఎంపిక కావాలన్న ఆలోచనతో ఆయన ఇలాంటి పరీక్షలనే తయారు చేశారు. 1932 నాటి ప్రశ్నపత్రం పేరు 'మోరే హౌస్ టెస్ట్ నం. 12'. సమయం 45 నిమిషాలు, మొత్తం మార్కులు 76.

1947 జూన్ 4న అదే పరీక్షను 1936లో పుట్టిన 70,805 మంది పిల్లలకు పెట్టారు. ఈసారి కారణం వేరు. పెద్ద కుటుంబాల పిల్లలకు సగటున మార్కులు తక్కువ వస్తున్నాయి కాబట్టి, తరతరానికీ దేశంలో తెలివి తగ్గిపోతుందేమోనన్న ఆందోళన అప్పటి విద్యావేత్తల్లో ఉండేది. ఫలితం అందుకు విరుద్ధంగా వచ్చింది. 1932లో 34.5 ఉన్న సగటు 1947లో 36.7కు పెరిగింది. ఒక దేశం ఒక ఏడాదిలో పుట్టిన పిల్లలందరినీ ఇలా పరీక్షించిన సందర్భం మరెక్కడా లేదు.

పాత చిట్టాలు, కొత్త ప్రశ్న

ఈ మార్కులను జిల్లాలవారీగా పెద్ద చిట్టాల్లో చేత్తో రాసి ఉంచారు. దశాబ్దాల పాటు వాటిని పట్టించుకున్నవారు తక్కువ. 1990ల చివర్లో డియరీ, అబర్డీన్ మనోరోగ వైద్య నిపుణుడు లారెన్స్ వాలీ కలిసి వాటి విలువను గుర్తించారు. 1932 చిట్టాల్లో ఫైఫ్, యాంగస్, విగ్‌టౌన్ జిల్లాలవి దొరకలేదు. మిగిలినవి భద్రంగా ఉన్నాయి.

వృద్ధాప్యంలో మెదడు పనితీరును పరిశీలించే వారికి ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఎనభై ఏళ్ల మనిషి జ్ఞాపకశక్తి పరీక్షలో వెనుకబడితే, అతని శక్తి వయసుతో క్షీణించిందా, మొదటినుంచీ అంతేనా అన్నది తేలదు. యవ్వనానికి ముందు కొలిచిన అంకె చేతిలో ఉంటేనే ఆ రెండింటినీ విడదీయగలం. స్కాట్లాండ్ చిట్టాలు ఇచ్చింది సరిగ్గా ఆ అంకెనే.

1998 జూన్ 1న, అంటే మొదటి సర్వే జరిగిన 66 ఏళ్లకు, అబర్డీన్‌లోని మ్యూజిక్ హాల్‌లో 77 ఏళ్ల వృద్ధులను కూర్చోబెట్టి అదే ప్రశ్నపత్రం, అవే సూచనలు, అదే సమయంతో పరీక్ష పెట్టారు. మొత్తం 101 మంది ఫలితాలను విశ్లేషించగా, 11వ ఏటి మార్కులకూ 77వ ఏటి మార్కులకూ మధ్య సహసంబంధం 0.63గా తేలింది. ఆరోగ్యంగా మిగిలినవారే పరీక్షకు వచ్చారన్న సంగతిని లెక్కలోకి తీసుకుని సవరిస్తే అది 0.73 అయింది. అంటే వృద్ధాప్యంలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాల్లో దాదాపు సగం చిన్నప్పుడే ఉన్నదన్నమాట. మిగతా సగం ఎక్కడినుంచి వచ్చిందన్నదే డియరీ బృందం తర్వాతి ఇరవై ఏళ్ల వెతుకులాట.

లోథియన్ బృందాలు

ఎడిన్‌బరో, దాని చుట్టుపక్కల ప్రాంతం లోథియన్. 1921లో పుట్టి అక్కడ నివసిస్తున్న 550 మందిని 1999-2001 మధ్య, సుమారు 79వ ఏట చేర్చుకున్నారు. 1936లో పుట్టిన 1,091 మందిని 2004-2007 మధ్య, సుమారు 70వ ఏట చేర్చుకున్నారు. రెండో బృందాన్ని మూడేళ్లకోసారి పిలిచి పరీక్షించారు. జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం, తర్కం, పదసంపద కొలిచారు. రక్త నమూనాలు తీసుకున్నారు. ఆహారం, అలవాట్లు, చేసిన ఉద్యోగం, కుటుంబ నేపథ్యం నమోదు చేశారు. 73వ ఏటి నుంచి ఎంఆర్ఐ స్కాన్లు కూడా తోడయ్యాయి. వృద్ధుల సంక్షేమ సంస్థ ఏజ్ యూకే దీనికి పెద్ద ఎత్తున నిధులిచ్చింది.

చదువు

తెలివికీ బడి మార్కులకూ ఉన్న సంబంధాన్ని డియరీ, సహచరులు 2007లో ఇంగ్లండ్‌కు చెందిన 70,000 మందికి పైగా విద్యార్థుల వివరాలతో పరిశీలించారు. 11వ ఏట రాసిన ప్రజ్ఞా పరీక్షకూ, 16వ ఏట రాసిన జీసీఎస్ఈ పరీక్షల ఫలితాలకూ మధ్య సహసంబంధం 0.81 వచ్చింది. సబ్జెక్టును బట్టి తేడా ఎక్కువే. గణితం మార్కుల్లోని తేడాల్లో 58.6 శాతాన్ని ప్రజ్ఞ వివరించగా, చిత్రకళ, డిజైన్ విషయంలో అది 18.1 శాతమే.

చదువు తెలివిని పెంచుతుందా అన్నది మరో ప్రశ్న. ఎక్కువ ఏళ్లు చదివినవారు వృద్ధాప్యంలో మెరుగ్గా ఉంటారన్నది తెలిసిందే. అయితే తెలివైన పిల్లలే ఎక్కువ ఏళ్లు చదువుతారు కూడా. 11వ ఏటి మార్కులను లెక్కలోకి తీసుకున్నాక కూడా చదువు ప్రభావం మిగిలిందని స్టువర్ట్ రిచీ, టిమథీ బేట్స్‌లతో కలిసి 2015లో డియరీ ప్రచురించిన విశ్లేషణ చూపింది. కాకపోతే ఆ మేలు సాధారణ ప్రజ్ఞ అంతటికీ కాక, కొన్ని నిర్దిష్ట నైపుణ్యాలకే దక్కినట్టు కనిపించింది.

ఉద్యోగం, అలవాట్లు

జీవితమంతా చేసిన పని మెదడుపై ముద్ర వేస్తుందా? 2014లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చిన పరిశోధనలో, 1936 బృందానికి చెందిన 1,066 మంది ప్రధాన వృత్తులను సంక్లిష్టతను బట్టి వర్గీకరించారు. మనుషులతో లోతుగా వ్యవహరించాల్సిన వృత్తులు, సమాచారాన్ని విశ్లేషించాల్సిన వృత్తులు చేసినవారు 70వ ఏట కొంత మెరుగ్గా ఉన్నారు. చిన్ననాటి ప్రజ్ఞను తీసివేసి చూసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. అయితే అది చిన్నది, ఒకటి రెండు శాతం లోపే.

అలవాట్ల విషయంలో చాలా ఆశలు నిలవలేదు. కాఫీ తాగేవారికి పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినా, 11వ ఏటి మార్కులనూ సామాజిక స్థాయినీ లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. చిన్నప్పుడు చురుకైనవారే పెద్దయ్యాక ఆ అలవాట్లు ఎంచుకున్నారన్నమాట. ఈ సవరణకు తట్టుకున్నవాటిలో పొగతాగడం వల్ల కలిగే నష్టం ఒకటి.

జన్యువులు

ఏపీఓఈ జన్యువుకున్న ఈ4 రూపం అల్జైమర్స్ ముప్పును పెంచుతుంది. అది మామూలు తెలివిని కూడా తగ్గిస్తుందా? 2002లో 'నేచర్' పత్రికలో డియరీ బృందం ఇచ్చిన జవాబు ఆసక్తికరమైనది. ఈ4 ఉన్నవారికీ లేనివారికీ 11వ ఏట తేడా లేదు. వృద్ధాప్యంలో మాత్రం ఉన్నవారు వెనుకబడ్డారు. పుట్టుకతోనే ఉన్న జన్యువు, తన ప్రభావాన్ని ఏడు దశాబ్దాల తర్వాతే చూపిందన్నమాట.

2012లో మళ్లీ 'నేచర్'లోనే, రక్తసంబంధం లేని 1,940 మంది డీఎన్ఏను పోల్చిన పరిశోధన వెలువడింది. బాల్యం నుంచి వృద్ధాప్యానికి తెలివిలో వచ్చిన మార్పుల్లో సుమారు 24 శాతానికి జన్యు భేదాలు కారణం కావచ్చని అది అంచనా వేసింది. మార్పులో ఎక్కువ భాగం పరిసరాలదేనని దాని తాత్పర్యం. ఒకే ఒక 'తెలివి జన్యువు' ఏదీ లేదు. అసంఖ్యాకమైన చిన్న చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి.

ఆయుష్షు

చిన్ననాటి ప్రజ్ఞకూ తర్వాతి ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని వెతికే శాఖకు 'కాగ్నిటివ్ ఎపిడెమియాలజీ' అన్న పేరు డియరీ పరిశోధనలతోనే స్థిరపడింది. 2001లో వాలీ, డియరీ అబర్డీన్‌లో 1932 పరీక్ష రాసినవారిలో 2,230 మంది ఆచూకీ తీశారు. ప్రజ్ఞా లబ్ధి 15 పాయింట్లు తక్కువ ఉన్నవారు 76వ ఏడు దాకా బతికే అవకాశం, మిగతావారితో పోలిస్తే 79 శాతమే. 2017లో 1936లో పుట్టిన 65,765 మందిని 79వ ఏటి వరకు గమనించగా, ఎక్కువ ప్రజ్ఞ ఉన్నవారికి శ్వాసకోశ వ్యాధుల మరణ ముప్పు 28 శాతం, గుండెజబ్బు ముప్పు 25 శాతం, పక్షవాతం ముప్పు 24 శాతం తగ్గింది. పొగతాగడం, సామాజిక స్థాయి వంటివి ఇందులో కొంతభాగాన్నే వివరిస్తాయి.

హైదరాబాద్‌తో అనుబంధ పరిశోధన

రెండు భాషలు మాట్లాడటం మెదడుకు మేలా అన్న ప్రశ్న ఎడిన్‌బరోను హైదరాబాద్‌తో కలిపింది. సువర్ణ అల్లాడి నేతృత్వంలో నిమ్స్ వైద్యులు, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించారు. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లిష్‌లలో ఒకటికి మించి మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రాని వారిలోనూ ఈ తేడా ఉంది కాబట్టి, దీన్ని బడి చదువు ఫలితంగా కొట్టిపారేయలేరు. కానీ రోగుల చిన్ననాటి ప్రజ్ఞ ఎంతో తెలిసే మార్గం హైదరాబాద్‌లో లేదు. బాక్, డియరీ తదితరులు 2014లో లోథియన్ బృందంలో 853 మందిని పరీక్షించి ఆ లోటు తీర్చే ప్రయత్నం చేశారు. 11వ ఏటి మార్కులను లెక్కించాక కూడా, రెండో భాష వచ్చినవారు ఆ మార్కులను బట్టి అంచనా వేసినదానికంటే మెరుగ్గా ఉన్నారు.

పరిమితులు

లోథియన్ బృందాల్లో ఉన్నవారు దాదాపు అందరూ తెల్లజాతి స్కాట్లు, సగటు కంటే ఆరోగ్యవంతులు, కాస్త ఎక్కువ చదువుకున్నవారు. అనారోగ్యంతో పోయినవారు, రాలేకపోయినవారు లెక్కలోకి రాలేదు. అందువల్ల ఫలితాలను ఇతర దేశాలకు యథాతథంగా వర్తింపజేయడం కష్టం. తెలివిని ఒకే అంకెలో కొలవడంపై మనోవిజ్ఞానంలో వాదాలు ఎప్పటినుంచో ఉన్నాయి. అలాంటి పరీక్షలను వివక్షకు వాడిన చరిత్ర కూడా ఉంది. ఈ అంకె మనిషి విలువను కాదు, జనాభాలోని ధోరణులను మాత్రమే చెబుతుంది. పెద్ద బృందంలో బలంగా కనిపించే సంబంధం కూడా ఒక వ్యక్తి భవిష్యత్తును చెప్పలేదు.

రచనలు

'లుకింగ్ డౌన్ ఆన్ హ్యూమన్ ఇంటెలిజెన్స్' (2000), ఆక్స్‌ఫర్డ్ వారి 'ఇంటెలిజెన్స్: ఎ వెరీ షార్ట్ ఇంట్రడక్షన్' (2001, రెండో కూర్పు 2020), లారెన్స్ వాలీ, జాన్ స్టార్‌లతో కలిసి రాసిన 'ఎ లైఫ్‌టైమ్ ఆఫ్ ఇంటెలిజెన్స్' (2009) ఆయన ముఖ్య గ్రంథాలు. స్కాట్లాండ్ సర్వేల కథను, వాటి నుంచి తేలిన ఫలితాలను మూడోది వివరంగా చెబుతుంది.