కొల్లేటి సీమలో నిలవ వంటలు

ఆదివారమునాడు వారమునకు సరిపడు కూరలు వండి, డబ్బాల కెత్తి రిఫ్రిజిరేటరులో దాచుకొను అలవాటు నేడు మన పట్టణములలో కనబడుచున్నది. దీనిని క్రొత్త పద్ధతియని పలువురు తలచుచున్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలలోని పెద్ద ముత్తయిదువలు ఈ మాట వినిన నవ్వుకొందురు. వారి అమ్మమ్మలు, నాయనమ్మలు వారమునకు గాదు, వత్సరమునకే వంటను నిర్ణయించుకొనెడివారు.

ఈ ముందుచూపు ప్రాచీనమైనది. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టిన భోజనమును ఋతువుల ననుసరించి వర్ణించెను. ముసురు పట్టిన దినములలో ఆ విస్తరియందు పప్పు, కూరలు, పెరుగు, నేతులతోపాటు వడియములు, వరుగులు గలవు. వానలో వరుగు ఎండదు. ఎవరో ఒక యిల్లాలు ఎండలున్నప్పుడే కాయలు కోసి ఆరబెట్టి, తడి తగులకుండ దాచి యుండవలెను. కవి చూపినది విస్తరిని. దాని వెనుకనున్న నెలల శ్రమను మనమే ఊహించుకొనవలెను. అదే కావ్యమున చలికాలపు వంటకు కారము మిరియములది. మిరపకాయ అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ద్వారా మన దేశమునకు వచ్చినది. కనుక మనము అనాదియని తలచు ఎఱ్ఱని ఆవకాయ నిజమునకు అంత పాతది కాదు.

మన సీమలో నిలవ వంట రుచికొఱకే గాక అవసరముచేతను పెరిగినది. కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు దానిలో నీరు నింపును. ఆ నీరు సముద్రమును చేరుటకు ఉప్పుటేరే మార్గము. వరదకాలమున లంక గ్రామములవారికి పడవయే దారిగా నుండెడిది. సంతకు పోలేని దినములలో ఇంటనున్న ఎండుచేపలు, ఎండురొయ్యలు, చింతపండు, ఊరగాయ ఆదుకొనెడివి. 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మెరకకు నీరిచ్చి, గాదెలను, పురులను ధాన్యముతో నింపినది. అయినను వట్టి అన్నము భోజనము కాదు గదా!

అందుచే పంచాంగమువలె వంటకును ఒక క్రమ మేర్పడినది. క్రొత్త చింతపండు రాగానే గింజ తీసి, ఉప్పు కలిపి కుండల కెత్తుట. కందిపప్పునకు ఆముదము పట్టించుట. ఎండలు ముదిరిన పిమ్మట అప్పడములు, గుమ్మడి వడియములు, చల్లమిరపకాయలు. తొలకరికి ముందుగా ఆవకాయ, మాగాయ. ముక్కకు తడి తగులరాదు. మూడవనాడు తిరుగగలిపి, నూనె పైకి తేలినదని చూచి, జాడీకి వాసెన గట్టెడివారు. ఇందలి శాస్త్రము స్పష్టమే. ఉప్పు ముక్కలోని నీటిని లాగును; పులుపు సూక్ష్మజీవుల నణచును; నూనె గాలి నడ్డగించును; ఎండ తేమను హరించును.

ఈ ఏర్పాటు అందరికిని అందినది కాదు. ఏడాది సరుకు ఒక్కసారి కొనుటకు చేత సొమ్ము, దాచుటకు గది ఉండవలెను. నాటి కూలి కుటుంబమునకు గాదె ఎక్కడిది? సాయంకాలము తెచ్చిన నూకలు, తరవాణి కుండ, ఒక ఎండుచేప — ఇవియే వారి నిలవ. ఊరగాయకు, ఎండుచేపకు ప్రాణమైన ఉప్పుపైన సర్కారు పన్ను విధించుటచే ఆ భారము పేదవానికే ఎక్కువగా తగిలెడిది. 1930లో ఉప్పు సత్యాగ్రహము తీరాంధ్రమున అంతగా వ్యాపించుటకు ఇదియు నొక కారణము. ఆ పన్ను 1947లో రద్దయ్యెను.

ఇక నేటి పద్ధతి మాట. రిఫ్రిజిరేటరు చల్లదనము సూక్ష్మజీవుల పెరుగుదలను మందగింపజేయునే గాని వానిని చంపదు. అన్నములో ఉడికినను చావని జాతి యొకటి గలదు. అన్నమును గంటలకొలది వెలుపల నుంచి పిదప లోపల పెట్టిన ప్రయోజనములేదు. వండిన కూరలను 5 డిగ్రీల సెంటీగ్రేడుకు లోబడి ఉంచినను మూడు నాలుగు దినములలో ముగించుట మేలు. ఇచ్చట మన పెద్దల వివేకము అక్కఱకు వచ్చును. వారు కూరను దాచలేదు. కూరకు కావలసిన దానిని దాచిరి. పొడులు, చింతపండు గుజ్జు, రుబ్బిన పిండి సిద్ధముగా నున్నచో, తాజా వంటకు అరగంట చాలును.

ఇంటిలో ఎందరు, పండుగకు వచ్చు చుట్టములెందరు, పురిటికి వచ్చు కూతురున్నదా, వానలు ఆలస్యమైన ఏమి చాలవు — ఈ లెక్కలన్నియు ఆ తల్లుల జ్ఞాపకముననే యుండెడివి. రెవిన్యూ దస్తరములు పొలమును, శిస్తును లెక్కించినవి. జాడీలను లెక్కించినవారు లేరు. ఆ లెక్క తెలిసిన తల్లులు ఇంకను మన యిండ్లలో కొందరున్నారు. వారినడిగి, ఏ నెలలో ఏమి, ఎంత కొలతయని ఒక నోటుపుస్తకమున వ్రాసికొందము. మన సీమ చరిత్రలో నేటివరకు వ్రాయబడని ప్రకరణమది.