అధిక్షేప వార్తా ప్రదర్శన: పురస్కారం, ప్రభావం

అమెరికాలో 1996లో మొదలైన 'ది డైలీ షో' 1999లో జాన్ స్టీవార్ట్ చేతికి వచ్చాక రాజకీయాధిక్షేపంగా మారింది. 2000, 2004 ఎన్నికల ప్రసారాలకు పీబాడీ పురస్కారాలు లభించాయి. 2003-2012 మధ్య వరుసగా పది ఎమ్మీలు వచ్చినా అవి వినోద విభాగానివే.

ప్రభావాన్ని కొలవడానికి ఈ జాబితా చాలదు. 2010 డిసెంబరు 16న స్టీవార్ట్, న్యూయార్క్ జంట సౌధాల శిథిలాల్లో పనిచేసి రోగగ్రస్తులైన నలుగురు సహాయక సిబ్బందిని కూర్చోబెట్టి మాట్లాడించారు. వారి వైద్యానికి ఉద్దేశించిన జడ్రోగా బిల్లు అప్పటికి సెనేట్‌లో నిలిచిపోయి ఉంది. ప్రధాన వార్తా ఛానెళ్లు దానిని పట్టించుకోలేదన్నది ఆయన అభియోగం. ఆరు రోజులకు సెనేట్ ఆమోదించింది. ఘనతంతా ప్రదర్శనకే కట్టబెట్టడం అతిశయోక్తి. బాధితులు ఏళ్లుగా పోరాడారు. అయితే ఆ రాత్రి విదూషకుడు చేసినది విలేకరి పని. దానిని వినోద విభాగంలో ఎలా చేర్చగలం?